నలభై ఒకటో నంబరు కుంట

విన్నది విన్నట్టు రాయడం నా పని. తొమ్మిదేళ్ళుగా అదే చేస్తున్నాను. ఒక మాట కలపకూడదు... ఒక మాట తీయకూడదు. అవతలి మనిషి దగ్గితే దగ్గు అని రాయాలి. నవ్వితే నవ్వు అని రాయాలి. ఇది కూడా అలాగే చెబుతాను. తెలియనిది తెలియదనే అంటాను. మీరు నవ్వుకున్నా పర్వాలేదు. కానీ ఆ గొంతు నేను విన్నాను. నేనొక్కదాన్నే అయితే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. మా అత్త కూడా విన్నది.

మేము ఉండేది మద్రాసులో, తిరువొత్తియూరులో. రైలు కట్టకీ సముద్రానికీ మధ్య ఉన్న సందుల్లో ఒకటి. మా ఆయనవాళ్ళ ముత్తాతలు నెల్లూరు వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయనది ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో నేనూ, ఆయనా, మా అత్త రత్నమ్మా. అంతే. అత్తకి డెబ్బై దాటాయి. ఎడమ చెవి దాదాపు వినపడదు.

మా ఆఫీసు టి. నగర్‌లో, ఒక చీరల కొట్టు పైన. నేను మాత్రం ఇంట్లోనే కూర్చుని చేస్తాను. వాళ్ళు ఆడియో ఫైళ్ళు పంపుతారు. హెడ్‌సెట్ పెట్టుకుని విని, ఇంగ్లీషులో టైపు చేసి తిరిగి పంపాలి. డాక్టర్లు చెప్పే నోట్సు, కంపెనీల మీటింగులు... ఎవరివో గొంతులు, ఎక్కడివో. మనసుకి పట్టించుకోకుండా టైపు చేసుకుంటూ పోవడమే.

పోయిన వానాకాలంలో ఇంగ్లండు నుంచి ఒక పని వచ్చింది. పల్లెటూరు. ఊరి పేరు బయట చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి చెప్పను. పారిష్ అంటారు దాన్ని. మా చర్చిలో కూడా ఆ మాట ఉంది కదా... ఒక గుడి కిందికి వచ్చే ఇళ్ళూ వీధులూ అన్నీ కలిపి. అక్కడ అయితే పొలాలూ, అడవీ, వాగూ కూడా కలిపి పారిష్. ఆ పొలాల్లో కొత్త ఇళ్ళు కడతామని ఎవరో వచ్చారట. కట్టేముందు, ఈ ఊళ్ళో ఏవేవి పాతవి, ఏవి పోతే మళ్ళీ రావు అని ఊరివాళ్ళే ఒక జాబితా రాసి ఇవ్వాలట.

ఆ పని ఒక పెద్దాయన భుజాన వేసుకున్నాడు. పేరు వాల్టర్. రోజూ కుక్కని వెంటబెట్టుకుని, ఫోను జేబులో పెట్టుకుని ఊరంతా నడుస్తాడు. కనపడిందానికల్లా ఒక నంబరు ఇచ్చి, చూసింది చెబుతాడు. అదంతా ఫోనులో రికార్డు అవుతుంది. మేము టైపు చేస్తాం.

"పన్నెండు. చర్చి వాకిట్లో యూ చెట్టు. లోపల బోలు. ఇద్దరు నిలబడొచ్చు. చర్చి కంటే ముందు నుంచీ ఉందంటారు."

"పందొమ్మిది. గుర్రాలని కట్టే రాయి. ఇనుప కడియం అరిగిపోయింది. రాయి బాగానే ఉంది."

"ఇరవై ఆరు. పొదల కంచె. దీన్ని వంచి అల్లింది మా తాత."

అలా ఉండేది ఆయన ధోరణి. పొగడడు, ఊరికే ఏడవడు. చూసింది చెప్పి ముందుకు నడుస్తాడు. మధ్యలో కుక్కతో మాట్లాడతాడు. దాని పేరు బెస్. మెడలో చిన్న గంట. ఆ గంట చప్పుడు ఎప్పుడూ వినపడుతూనే ఉండేది. మిట్ట ఎక్కేటప్పుడు ఆయన రొప్పు... గడ్డిలో బూట్ల చప్పుడు... నీళ్ళు కనపడితే చాలు బెస్ ఎగిరి దూకడం, ఆయన మెల్లగా తిట్టడం. మూడు వారాల్లో ఆ ఊరు నాకు మా సందు తెలిసినట్టే తెలిసిపోయింది. ఒక్కసారి కూడా చూడని ఊరు.

ఆ రోజు సాయంత్రం నుంచీ వాన. మా ఆయన రెండో షిఫ్టుకి వెళ్ళాడు. ఏడున్నరకి కరెంటు పోయింది. అత్త నాలుగు ముద్దలు తిని లోపలి గదిలో పడుకుంది. నేను ముందుగదిలో కిటికీ వేసుకుని, కొవ్వొత్తి పెట్టుకుని, లాప్‌టాప్‌లో మిగిలిన బ్యాటరీతో ఫైలు పూర్తి చేద్దామని కూర్చున్నాను. తెల్లారేసరికి పంపాలి.

నలభై ఒకటో నంబరు.

"నలభై ఒకటి. పెద్ద బంగళా కింద కుంట. ఇటుకల కోసం మట్టి తవ్విన గుంట. లోతు ఎంతో ఎవరూ కొలవలేదు. గట్టు మీద మూడు విల్లో చెట్లు, ఒకటి పడిపోయింది."

అంతవరకూ చెప్పి ఆయన ఆగిపోయాడు. ఆగితే ఆగిన సమయం రాయాలి. రాశాను. పన్నెండో నిమిషం.

గాలి... ఎక్కడో బాతులు... బెస్ గంట. గంట దూరం వెళుతోంది. నీళ్ళవైపు పరుగెడుతోంది అనుకున్నాను. ఇప్పుడు దూకుతుంది అని చెవి రిక్కించాను.

అప్పుడు వినపడింది.

"నాయనా..."

చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. వెంటనే భయం వేయలేదు. వీధిలో ఎవరో అనుకున్నాను. హెడ్‌సెట్ తీశాను. వాన తప్ప ఏమీ లేదు. రేకుల మీద వాన... కాలవలో నీళ్ళు. మళ్ళీ పెట్టుకున్నాను. కొంచెం వెనక్కి జరిపాను.

గాలి. బాతులు. గంట దూరం వెళుతోంది.

"నాయనా... ఆడికి పోబాకయ్యా..."

ఆడగొంతు. ముసలిది కాదు, చిన్నపిల్లదీ కాదు. అరుపు కాదు. గొంతు పెంచకుండా, కానీ దూరానికి వినపడేలా పిలిచే పిలుపు. ఒక్కో మాటా విడివిడిగా... నీళ్ళ మీదుగా వచ్చినట్టు.

"నీళ్ళుండాయి నాయనా... ఈడికి రా."

గంట ఆగిపోయింది.

కాసేపు ఏమీ లేదు... ఒక్క గాలి. తరువాత గంట వెనక్కి వచ్చింది. మెల్లగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ. దూకలేదు. వాల్టర్ గొంతు, "పదవే, పోదాం" అని మామూలుగా. ఆయనకి ఏమీ వినపడలేదు. బూట్ల చప్పుడు మొదలైంది. నలభై రెండో నంబరు... ఒక కాలిబాట.

నేను తెలివితక్కువదాన్ని కాదు. యంత్రాలతో బతికేదాన్ని. ఒక ఫైలు మీద ఇంకో ఫైలు కలిసిపోవడం తెలుసు. నా మైకు ఇంట్లో చప్పుడు పట్టుకోవడం తెలుసు. మైకు తీగ పీకేశాను. వేరే ఫైలు పెట్టి చూశాను, అందులో ఏమీ లేదు. లాప్‌టాప్ మూసి తెరిచాను. పన్నెండో నిమిషం... ఉంది. అదే గొంతు. అవే మాటలు.

అసలు ఆ మాటలే నన్ను పట్టుకున్నాయి. మా సందులో అందరూ తమిళులు. "పోబాక" అనే మనిషి ఈ వీధి మొత్తానికీ మా అత్త ఒక్కతే. నేనే అనను. చదువుకున్న చోట నవ్వుతారని ఎప్పుడో మానేశాను. అలాంటిది ఇంగ్లండులో, ఒక మట్టిగుంట గట్టు మీద...

చేయకూడని పని ఒకటి చేశాను. ఆఫీసు ఫైలు నా ఫోనులోకి ఎక్కించుకున్నాను. ఇంకో యంత్రంలో కూడా ఉందేమో చూద్దామని. ఫోను బల్ల మీద పెట్టి, స్పీకరులో వేశాను.

గాలి... బాతులు... గంట...

"నాయనా... ఆడికి పోబాకయ్యా... నీళ్ళుండాయి నాయనా..."

వెనక తలుపు కిర్రుమంది. నా ప్రాణం పోయినంత పనయింది. అత్త. గడప పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు నిద్రలో లేవు.

"ఎవురే ఆమె?" అంది. "ఇంత వానలో బిడ్డని పిలస్తా ఉండాది."

ఫోను చూపించాను. అత్త వచ్చి నా పక్కన కింద కూర్చుంది. మళ్ళీ పెట్టమంది. పెట్టాను. కుడి చెవి ఫోను దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని వింది. ఇంకోసారి పెట్టమంది. కొవ్వొత్తి వెలుగులో ఆమె పెదాలు ఆ మాటలతో పాటే కదులుతున్నాయి.

ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాను. ఇంగ్లండు అన్నాను, కుంట అన్నాను, పెద్దాయన అన్నాను. అత్త ఆశ్చర్యపోలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. తరువాత చెప్పింది.

"కన్నబిడ్డ గాదు సుగుణా."

"ఏంటత్తా?"

"ఆమె పిలిసేది కన్నబిడ్డని గాదు. మన బిడ్డ నీళ్ళకాడికి పోతే మనం ఇట్ట పిలస్తామా? రెండు తగిలించి రెక్క పట్టుకోని లాక్కోనొస్తాం. ఇది ఇంకొకరి బిడ్డ. కొట్టేదానికి లేదు, తిట్టేదానికి లేదు. ఏమన్నా అయితే మాత్రం మనదే తప్పు. అందుకే బతిమాలుకుంటా ఉండాది... పావం."

అప్పుడు చెప్పింది. నేను కోడలిగా వచ్చి పన్నెండేళ్ళయింది, అంతవరకూ చెప్పలేదు. వయసులో ఉన్నప్పుడు పురసవాక్కంలో ఒక నగల కొట్టువాళ్ళ ఇంట్లో ఆయాగా చేసిందట. వాళ్ళ పిల్లవాడికి నాలుగేళ్ళప్పుడు, మేడమీద మూత తీసి ఉన్న నీళ్ళ తొట్టి అంచు ఎక్కాడట. గట్టిగా అరిస్తే బెదిరి పడతాడు. పరుగెత్తినా పడతాడు. ఆమె కదలకుండా నిలబడి, నవ్వు మొహం పెట్టుకుని, ఇలాగే పిలిచిందట. నాయనా, ఈడికి రా అని. వాడు దిగి వచ్చాడు. ఆ రాత్రి ఆమెకి జ్వరం వచ్చింది. ఇంటివాళ్ళకి ఈ సంగతి ఎప్పటికీ చెప్పలేదు.

అది చెప్పి, మళ్ళీ పెట్టమంది. పెట్టాను. పిలుపులు అయిపోయాయి. రికార్డింగు, గంట ఆగిపోయిన చోటికి వచ్చింది. ఉత్త గాలి. ఆ గాలి భాగం అప్పటికి నేను ఆరేడుసార్లు విని ఉంటాను.

అత్త ఫోను మీదికి వంగింది. పక్కింటి ఆడమనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నువ్వు గట్టున కూచో తల్లీ. వస్తాడులే."

గాలి...

గాలి...

"ఊఁ."

నేను అత్త మొహం చూశాను. అత్త నోరు మూసే ఉంది. ఆ శబ్దం ఫోనులోంచి వచ్చింది. అలసిపోయిన మనిషి, ఎవరో చెప్పిన మాటకి సరేనని మూలిగినట్టు. వెంట గడ్డి నలిగిన చప్పుడు... చీర కుచ్చిళ్ళు సర్దుకుని కింద కూర్చుంటే వచ్చే చప్పుడు.

తరువాత గంట వెనక్కి రావడం మొదలైంది.

ఫోను ఆపేశాను. ఇద్దరం కొవ్వొత్తి చుట్టూ అలాగే కూర్చున్నాం. ఎందుకో ఏడుపు వచ్చింది నాకు. భయం వేసింది, నిజమే. కానీ పారిపోవాలని అనిపించలేదు. అత్త ప్రార్థన చేసింది, పైకే. ఎవరి కోసమని పేరు చెప్పడానికి లేదు కాబట్టి "ఆ తల్లి" అంది.

మా ఆయన వచ్చేసరికి పదకొండున్నర. తడిసి ముద్దయి వచ్చాడు. అంతా విన్నాడు. ఫోనులో వేసి వినిపించాను. గాలి మాత్రమే వినపడుతోంది అన్నాడు. అమ్మ నిద్రలో మాట్లాడి ఉంటుంది, అది నీ చెవిలో పడి ఉంటుంది, రాత్రుళ్ళు ఈ పని మానెయ్ అన్నాడు. మంచిమాటే. అత్త నిద్రలో మాట్లాడే మాట నిజమే. నాకు కాదనడానికి లేదు. కానీ తలుపు దగ్గర నిలబడి "ఎవురే ఆమె" అని అడిగింది ఎవరు?

తెల్లవారుజామున కరెంటు వచ్చాక, హెడ్‌సెట్‌తో మళ్ళీ విన్నాను. పిలుపులు ఉన్నాయి. రాత్రి కంటే సన్నగా, కానీ ఉన్నాయి. ఆ "ఊఁ" ఉందా? గాలి ఉంది. గాలిలో ఏదో ఉంది. ఉందని రాయలేను. లేదనీ రాయలేను.

ఇప్పుడు ఏం టైపు చేయాలి? వినపడనిది రాస్తే పని పోతుంది. ఆఫీసు ఫైలు ఇంట్లో వేరే మనిషికి వినిపించానని తేలితే ఇంకా పెద్ద తప్పు. గాలి చప్పుడు అని రాసేస్తే ఎవరూ అడగరు. రాయబోయాను కూడా. కానీ ఆ ఊళ్ళో ఆమె మాట తెలిసినవాళ్ళు ఎవరున్నారు? ఎన్నేళ్ళుగా పిలుస్తోందో ఏమో. అర్థమైన మనిషిని ఒకదాన్ని దొరికాను. నేను కూడా గాలి అని రాస్తే...

ఇలా రాశాను: "ఒక స్త్రీ గొంతు. తెలుగు భాషలో. అక్కడికి వెళ్ళకు నాయనా, నీళ్ళున్నాయి, ఇక్కడికి రా." కళ్ళు మూసుకుని పంపేశాను.

మూడో రోజు మా మేడం రమ్మని కబురు పెట్టింది. ఆఫీసులో నలుగురు విన్నారట. గాలి, బాతులు, కుక్క. అంతే. ఇంట్లో టీవీ ఏమైనా పెట్టావా అని మేడం తమిళంలో మెల్లగానే అడిగింది. లేదన్నాను. నిజం చెబితే నమ్మదని, అబద్ధం చెప్పలేక, ఊరుకున్నాను. ఆ ఊరి పని నా దగ్గర నుంచి తీసేశారు. ఇంటి నుంచి చేసే వీలు కూడా తీసేశారు. రోజూ రైలెక్కి, రెండు చోట్ల మారి, టి. నగర్ వచ్చి కూర్చుని చేయాలి. సరే అన్నాను. ఫైలు నా ఫోనులోకి ఎక్కించుకున్న సంగతి మాత్రం ఒప్పుకున్నాను. తీసేయమంటే మేడం ముందే తీసేశాను.

రెండు వారాలకి ఒకరోజు మేడం నా సీటు దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక కాగితం, ప్రింటు తీసిన ఉత్తరం. బల్ల మీద పెట్టి, "పోబాక అంటే వెళ్ళొద్దు అనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ మాట నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. తలూపి వెళ్ళిపోయింది.

వాల్టర్ రాశాడు. టైపు చేసిన అమ్మాయికి ఇవ్వండి అని.

ఆ రాత్రి రైల్లో చదువుకున్నాను, ఇంటికి వచ్చి అత్తకి తెలుగులో చెప్పాను. ఆయనకి కూడా ఏమీ వినపడలేదట. చెవులకి మిషన్లు పెట్టుకుంటానని, తన చెవుల మీద తనకే నమ్మకం లేదని రాశాడు. కానీ బెస్ ఆ ఊళ్ళో ప్రతి నీళ్ళలోనూ దూకుతుందట, ఆ ఒక్క కుంటలో తప్ప. అంచుదాకా పరుగెత్తి, ఎవరో పిలిచినట్టు ఆగి, వెనక్కి వచ్చేస్తుందట. అంతకుముందు ఆయన పెంచిన కుక్క కూడా అంతేనట.

ఇంకొకటి. చర్చిలో చనిపోయినవాళ్ళ పేర్లు రాసే పాత పుస్తకం తీసి చూశాడట. చాలా పాత పేజీలో ఒక వరుస... "పెద్ద బంగళావారి ఆయా. మద్రాసు మనిషి." పేరు లేదు. ఎలా చనిపోయిందో లేదు. ఎక్కడ పూడ్చారో కూడా ఎవరికీ తెలియదు. ఆమె పెంచిన పిల్లవాడి సమాధి మాత్రం చర్చి గోడ పక్కనే ఉందట. ఎనభై దాటి బతికాడు. జాబితాలో నలభై ఒకటో నంబరు కింద ఆయా గురించి ఒక మాట చేరుస్తున్నానని, తెలుగు అన్న మాట ఇంగ్లీషులో ఎలా రాయాలో చెప్పమని అడిగాడు.

అత్త కంచంలో చేయి పెట్టుకుని అంతా వింది.

"అయితే బిడ్డ బతికినాడా?"

"బతికాడత్తా. ముసలివాడయి పోయాడు."

అత్త కంచంలోంచి చేయి తీసింది.

"ఆమెకి ఎవురూ చెప్పినట్టు లేదే," అంది.

అత్తే అంది, ఆ పెద్దాయనకి రాయి, ఆయన్నే పోయి చెప్పమను అని. ఇంగ్లీషులో చెబితే ఆమెకి ఎంతవరకు అర్థమవుతుందో, మన మాటలే రాసి పంపు అంది. నేను మేడం దగ్గర అనుమతి అడిగి జవాబు రాశాను. తెలుగు స్పెల్లింగు రాశాను. అత్త చెప్పిన మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో విడగొట్టి రాశాను. "బిడ్డ వచ్చేసినాడు తల్లీ. బాగుండాడు. నువ్వింక లేచి ఇంటికి పో."

వాల్టర్ తిరిగి రాసింది నాలుగు వరుసలే. ఆదివారం ప్రార్థన అయ్యాక కుంట దగ్గరికి వెళ్ళి ఆ మాటలు రెండుసార్లు చదివాడట. పలకడం సరిగ్గా వచ్చిందో లేదో తెలియదట. చదివాక చాలాసేపు నిలబడ్డాడట. ఏమీ జరగలేదు. బెస్ నీళ్ళలోకి దిగలేదు, ఆయన దగ్గరికీ రాలేదు. గట్టు మీద పడిపోయిన చెట్టు దగ్గరికి పోయి, ఎవరి కాళ్ళ మీదో తల పెట్టుకున్నట్టు పడుకుందట. పిలిచినా లేవలేదట, చీకటి పడేదాకా.

ఎందుకలా పడుకుందో తెలియడం లేదు అని రాశాడు. మీకేమైనా తెలిస్తే చెప్పమన్నాడు. ఇంతవరకూ నేను జవాబు రాయలేదు. నాకూ తెలియదు.